స్పీడ్ టెస్ట్ అంకె వెనక: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఫైబర్ కనెక్షన్లు ఇవ్వడం, రిపేర్లు చూడడం నా పని. "నెట్ స్లో" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం లైన్ కాదు, కొలిచిన తీరు.

అపోహ: 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 ఎంబీ దిగాలి.

వాస్తవం: ప్లాన్ లెక్క మెగాబిట్లలో, ఫైల్ లెక్క మెగాబైట్లలో ఉంటుంది. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. అంటే సెకనుకు 12.5 ఎంబీకి మించి రాదు.

అపోహ: ఫోన్లో చూపించేదే లైన్ స్పీడ్.

వాస్తవం: అది మీ వైఫై స్పీడ్. రూటర్ హాల్లో పెట్టి, మిద్దెపై గదిలో కూర్చుని కొలిస్తే గోడలు దాటగా మిగిలిందే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుల్ తగిలించి, మిగతా ఫోన్లలో వైఫై ఆపి కొలవండి. ప్లాన్ 300 ఉన్నా వైరు మీద ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతోందా? ముందు కేబుల్ చూడండి. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, అందులోని నాలుగు జతల తీగలూ కావాలి. క్లిప్‌లో ఒక్క తీగ తెగినా లింక్ 100కి పడిపోవచ్చు. పోర్టే 100ది అయినా ఇంతే.

అపోహ: డౌన్‌లోడ్ బాగుంటే చాలు, అప్‌లోడ్‌తో మనకేం పని?

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. సాయినగర్‌లో ఒకమ్మాయి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఉంది. అవతలివాళ్ల మాట ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది, ఆమె మాటే వాళ్లకు ముక్కలుముక్కలుగా పోతోంది. పక్క గదిలో వాళ్ల నాన్నగారి ఫోన్ పెళ్లి వీడియోలన్నీ బ్యాకప్ చేస్తోంది. అప్‌లోడ్ దారి దానితోనే నిండిపోయింది. బ్యాకప్ ఆపగానే గొంతు సరిగ్గా వెళ్లింది. అందుకే అప్‌లోడ్ అంకె చూడండి, లోడ్ పడినప్పుడు పింగ్ (సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎంతకు పెరుగుతోందో కూడా చూడండి. మామూలుగా 20 మిల్లీసెకన్లు ఉండేది 300 దాటితే, స్పీడ్ ఎంత ఉన్నా కాల్‌లో మాట ఆగి ఆగి వెళ్లవచ్చు.

అపోహ: ఒక్కసారి కొలిస్తే తేలిపోతుంది.

వాస్తవం: జీపాన్ (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచి ఇచ్చే పద్ధతి) లైన్లో దాదాపు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్, 1.25 అప్‌లోడ్‌ను ఒకే ఫైబర్ మీద 32 ఇళ్లో, 64 ఇళ్లో పంచుకుంటాయి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలవండి. యాప్ తనంతట తాను దగ్గరి సర్వర్‌ను ఎంచుకుంటుంది. అది మీ నెట్ కంపెనీదే కావచ్చు, అప్పుడు బయటి దారి ఎలా ఉందో తెలియదు, కాబట్టి హైదరాబాద్, చెన్నై సర్వర్లతోనూ చూడండి.

వైరు మీద రెండు పూటలా తక్కువే వస్తే అది మా వైపు చూసుకోవాల్సిన పని. వచ్చిన టెక్నీషియన్ రూటర్ మార్చేస్తానంటే, ముందు మీటర్ పెట్టి ఫైబర్ పవర్ (ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం) చూడమని అడగండి. మైనస్ 27 డీబీఎం కంటే కిందికి పడిపోయి ఉంటే, ఎన్ని రూటర్లు మార్చినా లాభం లేదు. స్ప్లైస్ (ఫైబర్‌ను అతికిన చోటు) దగ్గరో, కనెక్టర్ దగ్గరో వెతకాలి.