ఫ్రాన్స్ పోస్ట్ గీసిన బ్రెజిల్: అక్కడ చూసి గీసినవి, ఇంటికొచ్చి గీసినవి

హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియం తన ప్రవేశశాలలో ఉన్న, డచ్చి బ్రెజిల్‌ను పాలించిన యోహాన్ మౌరిట్స్ ప్రతిమ నకలును 2017లో తీసేసింది. ఆ కబురు 2018 మొదట్లో బయటికి పొక్కాక నెదర్లాండ్స్‌లో పెద్ద గొడవే అయింది. బానిసల వ్యాపారంతో ముడిపడిన పాలకుడికి గుమ్మంలో పీట వేయడమేమిటని కొందరు, చరిత్రను చెరిపేస్తున్నారని మరికొందరు వాదించారు. 2019లో మ్యూజియం ఆయన గురించే ఒక ప్రదర్శన పెట్టింది. అసలు ఆ భవనమే మౌరిట్స్ తనకోసం కట్టించుకున్న ఇల్లు. ఆ రోజుల్లోనే జనం దాన్ని ‘చక్కెర ఇల్లు’ అనేవారు. ఆ చక్కెర పండిన బ్రెజిల్ నేల ఎలా ఉండేదో చూపించాలంటే ఇరుపక్షాలూ ఆశ్రయించేది ఒక్క చిత్రకారుణ్ణే. ఆయన పేరు ఫ్రాన్స్ పోస్ట్. అమెరికా ఖండాల ప్రకృతి దృశ్యాలను అక్కడే ఉండి తైలవర్ణాల్లో గీసిన శిక్షణ పొందిన తొలి యూరోపియన్ చిత్రకారుడిగా ఆయనకు పేరు.

పోస్ట్ 1612లో హార్లెంలో పుట్టాడు. తండ్రి గాజు మీద బొమ్మలు వేసేవాడు. అన్న పీటర్ పోస్ట్ చిత్రకారుడు, వాస్తుశిల్పి. మౌరిట్స్‌హౌస్ నిర్మాణంలో యాకోబ్ వాన్ కాంపెన్‌తో పాటు పనిచేసింది ఆయనే. తమ్ముడికి మౌరిట్స్ కొలువు దొరకడం వెనక అన్న మాట సాయం ఉందనుకోవడం సహజమే.

డచ్చి వెస్ట్ ఇండియా కంపెనీ 1630లో ఒలిండా, రెసీఫె పట్టణాలను పోర్చుగీసుల నుంచి లాక్కుంది. అక్కడి పాలన చూడమని 1636లో మౌరిట్స్‌ను పంపింది. ఆయన 1637 జనవరిలో రెసీఫెలో దిగాడు. ఆయన కొలువులో వైద్యుడు విల్లెమ్ పీసో, మనుషులనూ పండ్లనూ గీసే అల్బర్ట్ ఎక్‌హౌట్ ఉన్నారు. నక్షత్రాలనూ మొక్కలనూ పరిశీలించిన మార్క్‌గ్రాఫ్ మరుసటి ఏడు వచ్చి చేరాడు. పోస్ట్ వంతుకు నేల, నీరు, కోటలు, ఊళ్లు వచ్చాయి. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు.

ఓడ దిగిన ఐదు వారాలకల్లా ఆయన గీసిన చిత్రం ఒకటి మిగిలింది. ఇటమరకా దీవి చిత్రం అది. మీద ‘1637 1/3’ అని తేదీ వేశాడు, అంటే మార్చి 1. వెడల్పు మూడడుగులకు కాస్త తక్కువ. కింద మూడో వంతు నేల, నీరు. పైనంతా మబ్బు పట్టిన లేత బూడిదరంగు ఆకాశం. ముందు ఒడ్డున నలుగురు మనుషులు, గుర్రాలు. వాళ్లలో ఇద్దరు నల్లజాతివాళ్లు, ఒకరి తలమీద బుట్ట. అవతల దీవి, గుట్ట మీద ఊరు. కాన్వాస్ వెనక డచ్చిలో రాసి ఉన్న మాటలు ఇంకా విలువైనవి: దీవి దక్షిణం నుంచి ఇలా కనబడుతుంది, ఊరు గుట్టపైన, కోట కింద, పోర్చుగీసులు గుర్రం మీద ఇలా కూర్చుంటారు. చూసిన చోటు, దిక్కు, కట్టుబాటు నమోదు చేసి కంపెనీకి నివేదిక రాసినట్టు ఉంటుంది అది. ఈ చిత్రాన్ని అందానికి ముందు ఆధారంగా చూడాలి.

బ్రెజిల్లో ఉన్న ఏడేళ్లలో ఆయన ఇలాంటివి 18 గీశాడని పండితుల లెక్క. ఇప్పుడు దొరికేవి ఏడే. అన్నీ 1637 నుంచి 1640 మధ్యవే. వాటిలో నాలుగు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉన్నాయి: 1638 నాటి ఎద్దుబండి, అదే ఏటి కోలెన్ కోట, 1639 నాటి పోర్టో కాల్వో ఊరు, అదే ఏటి సావో ఫ్రాన్సిస్కో నది. ఆఖరిదానిలో నది ఇవతలి గట్టున ఒక కాపిబారా, అంటే ఎలుకజాతికి చెందిన పెద్ద జంతువు, మేస్తోంది. పక్కన నిలువెత్తు కాక్టస్. అవతలి గట్టున ఓ చిన్న కోట. మిగతా పటమంతా నీరూ ఆకాశమూ. యూరప్‌లో అప్పటికి కాపిబారాను చూసినవాళ్లు ఎందరుంటారు? అయినా ఆయన దాన్ని వింతగా పెద్దది చేయలేదు, నడిమధ్యకు తేలేదు. అది ఉన్న చోటే ఉంచాడు. ఆ నిగ్రహమే ఈ ఏడు చిత్రాల గొప్పదనం.

మొత్తం మీద పోస్ట్ చిత్రాలు 155 దాకా దొరుకుతున్నాయి. అంటే దాదాపు అన్నీ 1644లో ఆయన హార్లెం తిరిగొచ్చాక గీసినవే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పుస్తకాల్లో, పోస్టర్ల మీద ‘17వ శతాబ్దపు బ్రెజిల్’ అని వేసే బొమ్మలు ఎక్కువగా ఈ రెండో రకానివి. వచ్చిన కొత్తలో ఆయన చేతిలో నిక్కమైన గీతలున్నాయి. మౌరిట్స్ పాలన గురించి డచ్చి పండితుడు బార్లేయస్ రాసి 1647లో అచ్చయిన గ్రంథంలోని దృశ్యాలు ఆయన గీతల ఆధారంగా చెక్కినవే. ఆ తర్వాత, ముఖ్యంగా 1654లో డచ్చివాళ్లు రెసీఫెను పోర్చుగీసులకు అప్పగించి బ్రెజిల్ వదిలాక, కొనేవాళ్లకు కావాల్సింది కోటల వివరం కాదు, చేజారిన దూరదేశపు శోభ. దానికి తగ్గట్టే చిత్రం మారింది.

తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. అక్కడ గీసినవాటిలో ముందు భాగం దాదాపు ఖాళీ, రంగు పలచన, ఒకే మొక్కో ఒకే బండో. ఇంటికొచ్చాక గీసినవాటిలో ముందు ఒక మూల చీకటి పొద: అనాస, తాటిజాతి చెట్లు, వాటి కింద బల్లి, అలుగును తలపించే ఆర్మడిల్లో, చీమలు తినే జంతువు. ఆ ముదురు పొద మీదుగా చూస్తే దూరాన వెలుగులో లోయ, చర్చి, చక్కెర మిల్లు. ఇది యూరప్ స్టూడియోల్లో నేర్పే పాత కిటుకు, దూరాన్ని ఇంకా దూరంగా చూపిస్తుంది. ఒకే చర్చి, ఒకే మిల్లు వేర్వేరు చిత్రాల్లో చోటు మార్చుకుంటూ వస్తాయి. కాబట్టి అలాంటి బొమ్మలో కనిపించే ఊరిని మ్యాపు మీద వెతికితే దొరకకపోవచ్చు. రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆ కాలపు డచ్చి చిత్రాల్లో ఆకుపచ్చ కోసం నీలంలో కలిపిన మొక్కల పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది, నీలమే మిగులుతుంది. నీలి ఆకులు కనబడితే బ్రెజిల్ చెట్లు అలా ఉండేవనో, ఆయన కల్పించాడనో అప్పుడే తేల్చకూడదు.

అయితే రెండో రకం చిత్రాలన్నీ ఊహలే అనడమూ పొరపాటు. హార్లెంలోని ప్రాంతీయ ఆర్కైవ్‌లో ఆయన వేసిన 34 జంతువుల బొమ్మలు బయటపడ్డాయి: 24 రంగులవి, 10 పెన్సిల్‌వి. కొన్ని వందల ఏళ్లు అవి ఎవరివో తెలియకుండా ఉండిపోయాయి. 2016లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం వాటిని చిత్రాల పక్కన పెట్టి చూపించింది. పొదల్లోని జంతువులు ఈ బొమ్మల నుంచే వచ్చాయి. అంటే జంతువు నిజం, మొక్క నిజం, అవి ఒక్కచోట చేరడం మాత్రం స్టూడియో పని.

ఇక అన్నిటికన్నా బరువైన విషయం చక్కెర మిల్లు. పోస్ట్ దాన్ని మళ్లీ మళ్లీ గీశాడు. స్తంభాల మీద పెంకుల కప్పు, పక్కన నీటి చక్రం, చెరకు తెచ్చిన ఎద్దుబండ్లు, గుట్ట మీద యజమాని ఇల్లు, ప్రార్థనాలయం. ఆ కప్పు కింద మూడు నిలువు రోలర్ల గానుగ ఉండేది. చక్రం నడిమి రోలర్‌ను తిప్పితే పళ్ల ద్వారా పక్కవి రెండూ తిరిగేవి. ఒకరు ఇటునుంచి చెరకు పెడితే అవతలివారు పిప్పిని మళ్లీ ఇటు తోసేవారు. నరికిన చెరకు ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే పులుస్తుంది కాబట్టి సీజన్లో గానుగ రాత్రీ పగలూ ఆగేది కాదు. నిద్రమత్తులో వేళ్లు రోలర్ల మధ్య పడితే చెయ్యంతా లాక్కుపోయేది. రసాన్ని వరస రాగి కాగుల్లో మరగబెట్టి, నురుగు తీసి, పాకాన్ని అడుగున చిల్లి ఉన్న మట్టి అచ్చుల్లో పోసేవారు. పైన తడి బంకమట్టి పరిస్తే నీరు మెల్లగా దిగుతూ మడ్డిని కిందికి తోసేది. వారాల తర్వాత అచ్చు పై భాగం తెల్ల చక్కెర, కింద ముదురు రంగుది.

ఈ పనంతా బానిసలది. మౌరిట్స్ వచ్చిన 1637లోనే ఆయన పంపిన నౌకాదళం ఆఫ్రికా తీరంలోని ఎల్మినా కోటను పట్టుకుంది. 1641లో ఆఫ్రికాలోనే ఉన్న లువాండా రేవు కూడా డచ్చివాళ్ల చేతికొచ్చింది. 1636 నుంచి 1645 వరకు కంపెనీ బ్రెజిల్‌కు తెచ్చిన ఆఫ్రికన్లు 23 వేలకు పైగా. పోస్ట్ చిత్రాల్లో వాళ్లు లేకపోలేదు. దారిన బుట్ట మోస్తూ, మిల్లు ముందు నిలబడి, కొన్ని చోట్ల ఆడుతూ కనిపిస్తారు. కానీ గోరంత మనుషులు వాళ్లు, ముఖాలు తెలియవు. కాగుల వేడీ, కొరడా, రోలర్ల మధ్య పడ్డ చెయ్యీ చిత్రంలోకి రాలేదు. దూరాన్ని అంత నమ్మకంగా గీసిన చెయ్యి ఈ దూరాన్నీ ఎంచుకునే గీసింది. కొన్నవాళ్లకూ అదే నచ్చింది.

1662 నాటి ఒలిండా చిత్రం రైక్స్‌మ్యూజియంలో ఉంది. పైకప్పు లేని పెద్ద చర్చి, గోడల మీద మొలిచిన తీగలు, ముందు నీడలో జంతువులు. చూడగానే పురాతన శిథిలం అనిపిస్తుంది. నిజానికి ఒలిండాను 1631లో తగలబెట్టింది డచ్చి సైన్యమే. పోస్ట్ అక్కడ దిగేనాటికి ఆ గోడలు కాలి ఆరేళ్లు కూడా నిండలేదు.

1679లో మౌరిట్స్ తన దగ్గర మిగిలిన బ్రెజిల్ చిత్రాలను ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి పంపాడు. ఏది ఎక్కడిదో రాజుకు వివరించడానికి పోస్ట్‌ను కూడా పంపుదామనుకున్నారు. ఆయన తాగుడుకు లోనై చేతులు వణుకుతున్న స్థితిలో ఉన్నాడని జాబు వచ్చింది. వెళ్లలేకపోయాడు. ఆ డిసెంబరులో మౌరిట్స్ పోయాడు, 1680 ఫిబ్రవరిలో పోస్ట్‌ను హార్లెం పెద్ద చర్చిలో పూడ్చారు. తను నిలబడి చూసిన చోట్ల గురించి తన నోటితో చెప్పగల చివరి అవకాశం అలా పోయింది. ఆ చిత్రాల్లో చేయి పెట్టి చూపించగలిగిన నిజం ఇప్పుడు వెనకవైపు రాతల్లో, తేదీల్లో వెతుక్కోవలసిందే.