పోగు లేస్తేనే అందం

హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో కట్‌పీసు తెచ్చి టైలర్‌కిస్తే ఆయన ముందు తడిమేది అంచునే. పోగు లేస్తోందంటే ఓవర్‌లాక్ కొట్టాల్సిందే. మన బొంతల్లోనూ కోసిన అంచులను లోపలికి మడిచి దాచేస్తాం. ముక్కలు అతికి కుట్టే ర్యాగ్ క్విల్ట్ కుషన్ కవర్లలో మాత్రం కుట్టు మార్జిన్‌ను, అంటే కుట్టు అవతల మిగిలే గుడ్డను, బయటికే వదిలి, గాట్లు పెట్టి, ఉతికి కుచ్చు తెప్పిస్తారు.

నేత గుడ్డలో పోగులను అతికించేది ఏదీ ఉండదు. అడ్డంగా పోయే పేక పోగు నిలువునా ఉండే పడుగు పోగుల పైనుంచి, కిందినుంచి వంపులు తిరుగుతూ పోతుంది. ఆ వంపుల దగ్గరి ఒరిపిడే గుడ్డను నిలబెడుతుంది. కోసిన అంచున ఆఖరి పోగుకు ఒకవైపు ఆసరా ఉండదు కాబట్టి ముందు జారేది అదే.

మరి గాట్లెందుకు? సుమారు ముప్పావు అంగుళం మార్జిన్ వదిలి, కుట్టు తెగకుండా కాస్త ఇవతలే ఆపుతూ, పావు అంగుళానికో అర అంగుళానికో ఒక గాటు పెడతారు. ఇది మానేసి ఉతికితే అంచు వెంబడి ఉన్న పోగులు మూరల కొద్దీ ఊడి చిక్కుపడతాయి. గాటు వాటిని తుంపులు చేస్తుంది. తుంపులు నీళ్లలో రాలిపోతాయి. అంచుకు అడ్డంగా ఉన్న పోగులు కుట్టులో ఇరుక్కుని నిలుస్తాయి. తడిసిన నూలు పోగు లావెక్కి నేతను బిగిస్తుంది, కొసల్లో మాత్రం పురి విప్పుకుని దూదిలా విచ్చుకుంటుంది. నున్నటి పాలిస్టర్ పోగు జారిపోవడమే తప్ప ఇలా విచ్చుకోదు. నూగు తేలిన మెత్తటి ఫ్లానెల్ గుడ్డ అయితే మరీ బాగుంటుంది.

నా ఓటు మాత్రం చెనీల్ పద్ధతికే. నాలుగైదు పొరలు పేర్చి, బ్లౌజు టైలర్లు ‘క్రాస్’ అనే 45 డిగ్రీల వాలులో అరంగుళం ఎడంగా కుట్లు వేస్తారు. అడుగు పొర వదిలేసి, మిగతావాటిని కుట్ల మధ్యగా కోస్తారు. ఇక్కడ ఏ పోగూ అంచు వెంబడి ఉండదు. ప్రతిదీ ఏటవాలుగా లోపలికి పోయి కుట్టు కింద చిక్కుకుంటుంది. పైకి లేచేవి పొట్టి కొసలే కాబట్టి, రోజూ ఒరిగే సోఫా దిండుకైనా భయం లేదు. జిగ్‌జాగ్ కత్తెరతో కోసిన అంచు తొందరగా పోగు లేవకపోవడానికీ ఇదే కారణం.

మొదటి ఉతుకులో నూలు విపరీతంగా రాలుతుంది; పాత దిండు కవర్‌లో పెట్టి మూతి కట్టకపోతే మిషన్ ఫిల్టర్ నిండిపోతుంది. బోరు నీళ్లలోని సున్నానికి కుచ్చు బిరుసెక్కుతుంది. మంజీరా కుళాయి నీళ్లొచ్చే రోజు చూసి ఉతకండి, ఆరాక గట్టిగా దులపండి.