నత్తికి ఒక మిల్లీ ఆంపియర్ విద్యుత్తు

నత్తి ఉన్న వ్యక్తి ఒంటరిగా చదివేటప్పుడు అడుగడుగునా తడబడిన పేరానే, పక్కన మరొకరు గొంతు కలిపి చదివితే దాదాపు నిరాటంకంగా చదివేస్తాడు. ఆ రెండో గొంతు ఆగిన కాసేపటికి నత్తి తిరిగి వస్తుంది. లోపం నాలుకలో లేదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అక్కరలేదు. అయినా 1841లో బెర్లిన్ శస్త్రవైద్యుడు డీఫెన్‌బాహ్ నత్తిని పోగొట్టడానికి నాలుక కండరాన్ని కోశాడు. ఎవరినో వెక్కిరించిన పాపానికి నత్తి వస్తుందని నేటికీ పిల్లలను నిందించేవారు ఉన్నారు. ఆ నింద పిల్లలకు నత్తి కంటే పెద్ద భారం.

పెద్దలలో సుమారు నూటికి ఒకరికి నత్తి ఉంటుంది. వారిలో పురుషులే చాలా ఎక్కువ. మెదడు చిత్రాలలో, మాటను కూర్చే ఎడమ ముందుభాగాన్ని ఇతర ప్రాంతాలతో కలిపే నాడీ తంతువుల అమరికలో తేడాలు కనిపించాయి. ఆ ముందుభాగానికి స్వల్ప విద్యుత్తుతో చేయూతనివ్వవచ్చా అన్నది ఇప్పుడు జరుగుతున్న పరిశోధన.

ఉప్పునీటిలో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్లను తలపై అమర్చి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల ఏకముఖ విద్యుత్తును పంపుతారు. అందులో చాలా భాగం చర్మం గుండానే పోతుంది. నాడీకణం లోపలి వోల్టేజీ విశ్రాంతి దశలో సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. అది సంకేతం పంపాలంటే ఈ వోల్టేజీ అక్కడి నుంచి సుమారు 15 మిల్లీవోల్టుల మేర పెరగాలి. తలపై నుంచి ఇచ్చే ఈ విద్యుత్తు దానిని ఒక్క మిల్లీవోల్టు కూడా కదిలించలేదు. అంటే నిద్రాణంగా ఉన్న కణాన్ని ఇది మేల్కొలపదు. విసనకర్ర నిప్పును పుట్టించలేదు, ఉన్న నిప్పును రాజేస్తుంది. బూడిదపై ఎంతసేపు విసిరినా మంట రాదు. ఇక్కడ నిప్పు అంటే, ఆ క్షణంలో పని చేస్తున్న నాడీవలయం. అప్పటికే సంకేతాలు పంపే అంచున ఉన్న కణాలకు ధన ధ్రువం కింద ఆ కొద్దిపాటి ఊతం సరిపోతుంది. కలిసి పనిచేసిన కణాల మధ్య సంధులు బలపడతాయి. ఆ సంధుల వద్ద రసాయన సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే మందు ఇస్తే, విద్యుత్తు ఆపిన తర్వాత కూడా నిలవవలసిన ప్రభావం కనిపించదు. అభ్యాసం, జ్ఞాపకం కూడా ఈ గ్రాహకాల మీదే ఆధారపడతాయి. కనుక విద్యుత్తు ప్రవహిస్తున్నంతసేపూ రోగి ఏమి చేస్తున్నాడన్నదే అసలు ప్రశ్న. తడబడుతూ మాట్లాడే వేళ విద్యుత్తునిస్తే, ఆ తడబాటు వలయాన్నే రాజేసే ప్రమాదం ఉందని నా అనుమానం.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగం నాకు నచ్చింది ఇందుకే. నత్తి ఉన్న 30 మంది పురుషులు ఐదు రోజుల పాటు, రోజుకు 20 నిమిషాలు, మరొకరితో గొంతు కలిపి చదవడం, సమాన వ్యవధిలో టిక్కుమనే మెట్రోనోమ్ తాళానికి మాట్లాడడం వంటి సాధనలు చేశారు. సగం మందికి ఆ సమయంలో ఎడమ ముందుభాగంపై ఒక మిల్లీ ఆంపియర్ విద్యుత్తు అందింది. మిగతా వారికి చికిత్స జరుగుతున్నట్లు అనిపించే ఉత్తుత్తి అమరిక మాత్రమే ఉంది. వారం తర్వాత విద్యుత్తు పొందిన వారిలో తడబాటు సగటున 27 శాతం తగ్గింది. సాధన మాత్రమే చేసినవారిలో తగ్గలేదు. ఆరు వారాలకు ఆ మేలు చదవడంలో నిలిచింది, సంభాషణలో నిలవలేదు. సంభాషణలో మాటలను అప్పటికప్పుడు కూర్చుకోవాలి, ఎదుటివారి స్పందననూ గమనించుకోవాలి. గొంతు కలిపి చదివే సాధనలో ఆ పని లేదు. కాబట్టి తదుపరి ప్రయోగాలలో సాధనను క్రమంగా సంభాషణ వైపు జరపడం, స్త్రీలను కూడా చేర్చుకోవడం అవసరం.

ఈలోగా ఇంట్లో సొంతంగా పరికరాలు అమర్చుకోవడం తగదు: ధ్రువాలు తారుమారైతే అదే ప్రాంతం చురుకుదనం తగ్గవచ్చు, తడి ఆరిన స్పాంజి కింద చర్మం కాలవచ్చు.