కాయంత సైజు రాయి

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, పల్లీ మట్టిలోనే కాస్తుంది కదా తాతయ్యా మరి మనం తినేటప్పుడు రాళ్ళు ఎందుకు తగలవు అని. అప్పుడు హడావిడిలో ఏదో చెప్పేసి పెట్టేశాను, అది మనసులో అలాగే ఉండిపోయింది, అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

మొక్కని నేలలోంచి లేపినప్పుడు కాయలతో పాటు మట్టి, రాళ్ళు, వేర్లు, ఆకులు అన్నీ కలిసే వస్తాయి. బాదం, వాల్‌నట్ చెట్టుకి కాస్తాయి కాబట్టి శుభ్రంగా ఉంటాయనుకోకండి, పెద్ద తోటల్లో మిషన్ చెట్టు మొదలుని పట్టుకుని గట్టిగా ఊపుతుంది, కాయలన్నీ కింద రాలతాయి, తర్వాత వాటిని నేల మీద నుంచే ఊడ్చి ఎత్తుతారు, ఇంక చెప్పేదేముంది, నేల మీద ఉన్నవన్నీ వచ్చేస్తాయి.

ఆకులు, దుమ్ము తీయడం సులువే. ఫ్యాన్ గాలికి ఎగిరిపోతాయి, తూర్పారబట్టడం అన్నమాట. జల్లెడలు రెండు ఉంటాయి, పైదానికి పెద్ద బెజ్జాలు, పెద్ద రాళ్ళు పుల్లలు అక్కడే ఆగిపోతాయి, కిందదానికి చిన్న బెజ్జాలు, ఇసుక రాలిపోతుంది. మరి సరిగ్గా కాయంత సైజులో ఉన్న రాయి సంగతేంటి? జల్లెడకి అదీ కాయే.

అక్కడే డీస్టోనర్ కావాలి, అంటే రాళ్ళని వేరుచేసే మిషన్. నేను చాలా ఏళ్ళు దాని పక్కన నిలబడి పని చేశాను, ఇప్పటికీ నాకు అంత ఇష్టమైన మిషన్ ఇంకోటి లేదు. కొంచెం వాలుగా పెట్టిన వైరు జాలీ పళ్ళెం, అది గడగడా ఊగుతూ ఉంటుంది, కింద నుంచి గాలి పైకి కొడుతుంది. కాయలు పోయగానే మరుగుతున్న నీళ్ళలా కదులుతాయి, గాలి వాటిని జాలీకి కొద్దిగా పైన తేలుస్తుంది కాబట్టి వాలు వెంబడి కిందకి జారిపోతాయి. రాయి బరువు, తేలదు, జాలీని అంటుకునే ఉంటుంది, పళ్ళెం ఊగిన ప్రతిసారీ దాన్ని కొంచెం కొంచెంగా ఎగువకి తోస్తుంది. కాయ కిందకి, రాయి పైకి! మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు.

గాలి మాత్రం సరిగ్గా ఉండాలి. ఒకసారి పని తొందరగా అవ్వాలని నేను గాలి పెంచేశాను, చిన్న రాళ్ళు కూడా తేలి కాయలతో పాటే వెళ్ళిపోయాయి, ఆ బస్తాలన్నీ మళ్ళీ విప్పి పోయాల్సి వచ్చింది. తగ్గిస్తే ఇంకో తంటా, కాయలు రాళ్ళతో కలిసి పైకెక్కేస్తాయి. ఇంకోటి, ముందు జల్లెడ పట్టి ఒకే సైజు చేశాకే ఇందులో పోయాలి, లేకపోతే చిన్న రాయీ పెద్ద కాయా ఒకే గాలికి తేలతాయి, మిషన్‌కి తేడా తెలీదు.

అయినా నన్ను అడిగితే రాయి కంటే మొండిది మట్టిబెడ్డ. రాయి నీళ్ళ కంటే సుమారు రెండున్నర రెట్లు బరువు, దొరికిపోతుంది. బెడ్డ అలా కాదు, సైజు కాయంత, బరువు కాయకీ రాయికీ మధ్యలో, రంగు కూడా పల్లీకాయ లాగే. తడి నేలలో తవ్వితే మట్టి కాయలకి అంటుకుని వస్తుంది, మరీ గట్టిపడ్డాక తవ్వితే బెడ్డలు బెడ్డలుగా లేస్తుంది, అందుకే సగం శుభ్రం పొలంలోనే అయిపోవాలి అని నేను ఎప్పుడూ అనేవాణ్ణి.

నీళ్ళలో వేస్తే సరిపోదా అంటారేమో. సరిపోతుంది, పల్లీకాయ తేలుతుంది, రాయి మునుగుతుంది. కానీ తడిసిన కాయని వెంటనే ఆరబెట్టకపోతే బూజు పడుతుంది, ఆ బూజుల్లో ఒకటి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లాండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఇదే బయటపడింది. రాళ్ళు తగిలి పెంకు పగిలినా ఆ బూజుకి దారి దొరుకుతుంది, అందుకే రాళ్ళని ఎంత తొందరగా వేరుచేస్తే అంత మంచిది.

మీరు ఇంట్లో ఒక గిన్నెలో నీళ్ళు పోసి పెంకుతో ఉన్న పల్లీకాయ, చిన్న రాయి, ఎండిన మట్టిబెడ్డ మూడూ వేసి చూడండి. బెడ్డని జాగ్రత్తగా గమనించండి, మునగగానే దాన్నుంచి సన్నగా బుడగలు వస్తాయి. దాని లోపల దాక్కున్న గాలి అది, రాయంత బరువు లేకపోవడానికి కారణం అదే.

మీ తాతయ్య