సాగేది దారం కాదు

ఇంట్లో ఒక నూలు పంచె, ఒక బనియను తీసి పక్కపక్కన పెట్టండి. పంచెను అడ్డంగా ఎంత లాగినా బిగుసుకుంటుందే గాని సాగదు. బనియను హాయిగా సాగి, వదిలితే మళ్లీ దగ్గరికొస్తుంది. రెండూ పత్తే. మరి ఈ సాగుడు ఎక్కణ్ణించి వచ్చింది?

పంచె నేసిన బట్ట. పడుగూ పేకా దాదాపు తిన్నగా పోతాయి కాబట్టి, బట్టను లాగడమంటే దారాన్ని లాగడమే. నూలు దారం అంత తేలిగ్గా సాగదు. బనియను అల్లిన బట్ట. భూతద్దం పెట్టి చూస్తే, దారం మెలికలు తిరుగుతూ కింది వరస ఉచ్చులోంచి పై వరస ఉచ్చుగా దూరి రావడం కనిపిస్తుంది. లాగితే ఆ ఒంపులు విచ్చుకుంటాయి. దారం పొడవు మారదు, దాని దారి మారుతుంది. వంగిన దారానికి విచ్చుకోవాలనే ఉంటుంది, పక్క ఉచ్చులు విచ్చుకోనివ్వవు. వాటి మధ్య ఉన్న ఈ బిగువే బట్టను వెనక్కి తెస్తుంది.

చేతి అల్లికలో ఉన్నవి ప్రధానంగా రెండే కుట్లు. ఉచ్చును వెనక నుంచి ముందుకు లాగితే నిట్, ముందు నుంచి వెనక్కి లాగితే పర్ల్. ముందువైపు అన్నీ నిట్‌లే కనిపించేలా అల్లితే అంచులు చుట్టుకుపోతాయి, ఎందుకంటే ఉచ్చులన్నీ ఒకే వైపుకు వంగి ఉంటాయి. వరసలో నిట్, పర్ల్ మార్చి మార్చి వేస్తే ఆ వంపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బట్ట చదునుగా ఉంటూనే అడ్డంగా బాగా సాగుతుంది. స్వెటర్ మణికట్టు పట్టీ అలా అల్లిందే. అమెరికాలోని జార్జియా టెక్‌లో ఎలిసబెట్టా మత్సుమోటో బృందం ఇలాంటి నాలుగు అల్లికలను లాగి కొలిచి, 2024లో ఫలితాలు ప్రచురించింది. కుట్ల వరస మారిస్తే చాలు, బట్ట గట్టిదనం మారిపోతుంది.

అలాగని దారానికి పని లేదనుకోకండి. ఊలు కోసం రాసిన కొలతలతో మా మేనకోడలి బిడ్డకు నూలుతో ఒక స్వెటర్ అల్లాను. నెల తిరక్కుండానే అది బరువుకు కిందికి జారి, చేతులు వేళ్లను దాటిపోయాయి. ఊలు పోగుకు పుట్టుకతోనే ఉంగరాల జుట్టులాంటి ఒంపులుంటాయి, లాగినా మళ్లీ ముడుచుకుంటుంది. పత్తి పోగుకు ఆ గుణం తక్కువ. ఒకసారి జరిగిన ఉచ్చును రాపిడి అక్కడే పట్టి ఉంచుతుంది. ఉతికితే కొంత దగ్గరపడింది గాని, రెండు రోజులకు మళ్లీ అదే తంతు. అప్పటి నుంచి ముందు అరచేయంత ముక్క అల్లి, తడిపి, ఆరేసి కొలిచాకే అసలు పని మొదలుపెడుతున్నాను.

కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లే క్రోషేది వేరే లెక్క. నిట్టింగ్‌లో, అంటే ఇంతవరకూ చెప్పుకున్న చేతి అల్లికలో, వరస మొత్తం ఉచ్చులు సూది మీద తెరిచే ఉంటాయి, ఒక్కటి జారితే కిందిదాకా విడిపోతుంది. క్రోషేలో సూది మీద మామూలుగా మిగిలేది ఒక్క ఉచ్చే, మిగతావన్నీ ఎప్పటికప్పుడు బిగుసుకుంటాయి. అందుకే అది తక్కువ సాగుతుంది, ఇచ్చిన ఆకారంలో నిలబడుతుంది. లేసుకు కావలసిందీ అదే. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మన నర్సాపురం లేసు సన్నటి నూలు దారంతో చేసే ఈ పనే.

గుండ్రటి లేసు చాప అల్లేవాళ్లను పక్కన కూర్చుని చూడండి. సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టయితే 6 కుట్లతో మొదలుపెట్టి, వరసకు 6 చొప్పున పెంచుతారు. 6 ఎందుకు? వలయం వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరిగితే, చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. ఈ కుట్టు ఎత్తూ వెడల్పూ సుమారుగా సమానం, కాబట్టి 6 సరిపోతుంది. రెట్టింపు ఎత్తుండే డబుల్ క్రోషేకు 12 కావాలి. బడిలో చదివిన 2π ఆ వేళ్ల మధ్య వరస వరసకీ తిరుగుతూ ఉంటుంది. నాకు ఇంతకన్నా అందమైన లెక్క తెలియదు.

తక్కువ పెంచితే చాప గిన్నెలా లేస్తుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన దైనా తైమినా, 1997లో ఆ కుచ్చిళ్లతోనే అతిపరావలయ తలాన్ని, అంటే ప్రతి చోటా గుర్రపు జీనులా వంగి ఉండే తలాన్ని, అల్లారు. కాగితంతో చేస్తే చినిగిపోతున్న ఆకారం విద్యార్థుల చేతుల్లోకి వచ్చింది. మీరూ చేయవచ్చు. ప్రతి కుట్టులో రెండేసి కుట్లు వేస్తూ నాలుగైదు వరసలు తిరగండి, చేతిలో కోడిజుట్టు పువ్వు విచ్చుకుంటుంది.