‘సీపీయూ పోయింది సార్’: పీఎల్‌సీ హార్డ్‌వేర్ మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇన్‌పుట్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయంటే సీపీయూ పోయినట్టే.

ఫ్యాక్టరీ మెషిన్లను నడిపించే కంప్యూటరే పీఎల్‌సీ; సెన్సార్ల సంకేతాలు దానికి ఇన్‌పుట్లు, దాని మెదడు సీపీయూ. రాత్రి షిఫ్టు నుంచి ఫోన్ వచ్చిందంటే చాలాసార్లు మొదటి మాట ఇదే: ‘సీపీయూ పోయింది సార్, కొత్తది కావాలి.’ రన్ లైటు వెలుగుతోందా అని అడుగుతాను. వెలుగుతోందంటారు. మరి పోయిందని ఎవరు తేల్చారు? ‘అందరూ అదే అంటున్నారు సార్.’

ఈ మాట నమ్మినందుకు ఒకచోట రాత్రంతా లైను ఆగింది. ఒక ఇన్‌పుట్ మాడ్యూల్‌లో వెలగాల్సిన ఎల్‌ఈడీలన్నీ ఒకేసారి ఆరిపోయాయి. ఒక్కటే ఆరితే సెన్సార్ చూసేవారు. అన్నీ పోయేసరికి డ్యూటీలో ఉన్న కుర్రాడు కంగారుపడి పవర్ ఆపి సీపీయూ విప్పేశాడు. అది పాత రకం, ప్రోగ్రామ్ బ్యాటరీ ఆధారంగా నిలిచే ర్యామ్‌లో ఉంటుంది. బ్యాటరీ హెచ్చరిక లైటు ఎప్పటినుంచో వెలుగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. పవర్ తీయగానే ప్రోగ్రామ్ గల్లంతు. బ్యాకప్ దొరికేసరికి తెల్లారింది.

అసలు లోపం కామన్ టెర్మినల్‌లో, అంటే మాడ్యూల్‌లోని ఇన్‌పుట్లన్నిటికీ ఉమ్మడిగా 0 వోల్ట్ వచ్చే చోట. ఫెరూల్ (వైరు కొసకు తొడిగే లోహపు గొట్టం) వేయని 0 వోల్ట్ వైరు మెషిన్ అదురుకి స్క్రూ కిందనుంచి జారిపోయింది. ఆ అబ్బాయి మీటరు పెట్టకపోలేదు. నల్ల ప్రోబు ఎస్‌ఎంపీఎస్ (24 వోల్టులిచ్చే పవర్ సప్లై) మైనస్‌కి ఆనించి, ఎర్రది ఇన్‌పుట్ మీద పెడితే 24 వోల్టులు చూపించింది. వోల్టేజీ వస్తోంది, పీఎల్‌సీయే చదవట్లేదనుకున్నాడు. ఆ కంగారులో ఎవరైనా అలాగే అనుకుంటారు, అతన్ని తప్పుపట్టను. కానీ నల్ల ప్రోబు పెట్టాల్సింది ఆ మాడ్యూల్ కామన్ టెర్మినల్ మీద. అక్కడ పెట్టి చూపిస్తే మీటరు దాదాపు సున్నాకి పడింది. 24 వోల్ట్ డీసీ టైప్ 1 (ఐఈసీ ప్రమాణంలో ఒక రకం) ఇన్‌పుట్ ఆన్ అయినట్టు ఖాయంగా గుర్తించాలంటే, దానికీ కామన్‌కీ మధ్య కనీసం 15 వోల్టులు ఉండాలి. 5 లోపుంటే ఆఫే.

అపోహ: మాడ్యులర్ కదా, పవర్ ఉండగానే మాడ్యూల్ పీకొచ్చు.

అన్నిటికీ కాదు. రాక్‌వెల్ కంపెనీ కంట్రోల్‌లాజిక్స్ 1756 ర్యాక్‌ని (మాడ్యూళ్లు బిగించే ఫ్రేముని) అందుకు తగ్గట్టే తయారుచేశారు. సీమెన్స్ ఎస్7-300 సెంట్రల్ ర్యాక్ అలాంటిది కాదు. మాన్యువల్‌లో స్పష్టంగా రాసి లేకపోతే పవర్ ఆపాల్సిందే. పైన చెప్పిన పాత సీపీయూల్లో బ్యాటరీ సంగతి మాత్రం వేరు: ముందు బ్యాకప్ తీసుకుని, పవర్ ఉండగానే మార్చాలి.

అపోహ: అవుట్‌పుట్ ఎల్‌ఈడీ వెలిగితే కరెంటు వెళ్తున్నట్టే.

చాలా మాడ్యూళ్లలో ఆ లైటు సీపీయూ ఇచ్చిన ఆదేశాన్నే చూపిస్తుంది. ఫ్యూజు పోయినా, రిలే కాంటాక్టు కాలిపోయినా వెలుగుతూనే ఉంటుంది. సోలినాయిడ్ (ఆ అవుట్‌పుట్‌తో పనిచేసే కాయిల్) దగ్గరే కొలవండి. అలాగే 4-20 మిల్లీయాంప్ లూపులో (ట్యాంకు ఖాళీ అయినా సెన్సార్ 4 పంపుతుంది) 0 కనిపిస్తే ట్యాంకు ఖాళీ అని కాదు, వైరు తెగిందనో సప్లై పోయిందనో చూడాలి.

అర్ధరాత్రి ప్యానెల్ ముందు ఒంటరిగా నిలబడి, పక్కన సూపర్‌వైజర్ తొందరపెడుతుంటే ఎంత గుండెదడగా ఉంటుందో నాకు తెలుసు. పవర్ ముట్టుకునే ముందు ర్యాక్‌లోని లైట్లన్నీ కనిపించేలా ఒక ఫొటో తీసి పంపండి. సీపీయూ విప్పాలా వద్దా అన్నది అది చూశాక మాట్లాడుకుందాం.