కంటి ఎదుటే ఉన్నా కనిపించని మాంగ్‌షాన్ పాము

దక్షిణ చైనాలో హునాన్, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రాల సరిహద్దున నాన్‌లింగ్ కొండలున్నాయి. అక్కడి మాంగ్‌షాన్ అడవిలో బారెడు దాటి పెరిగే విషసర్పం 1990 దాకా శాస్త్రవేత్తల లెక్కలోకే రాలేదు. యావో గిరిజనులకు మాత్రం అది ఎప్పటినుంచో తెలుసు. స్థానికంగా పాముకాటుకు వైద్యం చేసే చెన్ యువాన్‌హుయ్, పాముల నిపుణుడు జావ్ అర్‌మి కలిసి దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు.

ఇంతకాలం కనపడకపోవడానికి కారణం దాని ఒళ్లే. గోధుమరంగు మచ్చల చుట్టూ నాచుపచ్చ వలలా అల్లుకుని ఉంటుంది. లైకెన్ (రాళ్ల మీద నాచులా పాకే జీవి) పట్టిన బండ మీద చుట్టుకుని పడుకుంటే పాము ఎక్కడ మొదలైందో పోల్చుకోలేం. తోక చివర మాత్రం తెల్లగా ఉంటుంది. ఆ కొసను మెల్లగా ఆడిస్తే పురుగనుకుని దగ్గరికొచ్చే జీవి నోటికి చిక్కుతుంది.

చీకట్లో వేటకు మరో సాధనం ఉంది. కంటికీ ముక్కుకీ మధ్య చిన్న గుంట, అందులో కాగితం కన్నా పలచని పొర. పొరకు రెండువైపులా గాలే కాబట్టి ఎలుక ఒంటి వేడి తగలగానే అది ఇట్టే వేడెక్కుతుంది, నరాలు ఆ కబురు మెదడుకు చేరవేస్తాయి. వేడిని పసిగట్టే ప్రోటీన్ టీఆర్‌పీఏ1 అని ఇలాంటి పాముల మీద చేసిన పరిశోధనలో 2010లో తేలింది.

మన రక్తపింజరి పిల్లల్నే కంటుంది. ఇది మాత్రం గుడ్లు పెడుతుంది, పిల్లలు బయటికొచ్చేదాకా తల్లి వాటిని చుట్టుకుని కాపలా కాస్తుంది. ఈ గుడ్లకు గట్టి పెంకు ఉండదు, తోలులాంటి పొరే. చుట్టూ ఆకుచెత్త ఎండితే ముడుచుకుపోతాయి, మరీ తడిస్తే బూజు పడతాయి. చెట్లు నరికి నేలకు ఎండ తగలనిస్తే మొదటి దెబ్బ గుడ్లకే.

అడవిలో మిగిలినవి దాదాపు 500 అని అంచనా. అరుదైన పాములు పెంచే విదేశీయుల దగ్గర దీనికి గిరాకీ ఎక్కువ. అందుకే 2013లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో జాబితాలో చేర్చారు. అంటే అనుమతిపత్రం లేనిదే దేశం దాటించకూడదు. 2021లో చైనా మొదటి తరగతి రక్షణ ఇచ్చింది. అసలు కాపాడేది చైనా ఇచ్చిన ఈ రక్షణే అనిపిస్తుంది, అనుమతిపత్రం ఒక్కటే చాలదు, ఎందుకంటే అడవిలో పట్టిన పిల్లకూ పెంపకంలో పుట్టిన పిల్లకూ చూపులో తేడా ఉండదు. తల్లిదండ్రుల రికార్డు, డీఎన్‌ఏ పరీక్ష లేకుండా సరిహద్దు అధికారి ఏ కాగితాన్ని నమ్మాలి?